కొరియా పిల్లల చూపు, సికింద్రాబాద్ బ్లర్

జంట నగరాల్లో నెల జీతం తీసుకుని నడుములు చూసిన మగవాణ్ణి నేనొక్కణ్ణే. ఎముకల డాక్టర్లు కూడా చూస్తారంటారు గానీ, వాళ్లు నొప్పి ఉన్న నడుముల్నే చూస్తారు. నేను ఏ నొప్పీ లేనివాటిని, మెలికలు తిరిగేవాటిని, వానలో తడిసేవాటిని, మంచుకొండల మీద కూడా చలి తెలియనివాటిని చూశాను. పొద్దున కూర్చుంటే సాయంత్రం లేచేసరికి అవి కళ్ల ముందు తిరుగుతూనే ఉండేవి. ఇంటికొచ్చి పీట మీద చపాతీని చూసినా, దీన్ని ఎక్కడ కప్పాలా అనిపించేది.

ఉద్యోగం ఇది. మోండా మార్కెట్ వెనక గల్లీలో, స్టీలు సామాన్ల దుకాణం పైన, మూడో అంతస్తులో ఒక లోకల్ కేబుల్ మ్యూజిక్ ఛానల్ ఉండేది. రోజంతా పాటలు, పాటల మధ్య చీరల దుకాణాల ప్రకటనలు. ఏ పాటైనా టీవీలోకి వెళ్లే ముందు నా బల్ల మీదికి రావాలి. ఎక్కువైందని నాకు తోచిన చోట మసక వేయించాలి. ఆ మసకనే మా పనిలో బ్లర్ అంటారు. విజిటింగ్ కార్డు మీద నా హోదా రెండు లైన్లు పట్టేది. గల్లీలో మాత్రం చాయ్ దుకాణం దగ్గర్నుంచి ఉల్లిగడ్డల బండి దాకా అందరికీ నేను "బ్లర్ సార్"ని.

ఈ హోదాతో బంధువుల పెళ్లికి పోవడం ఎంత సుఖమో చెప్పాలి. నేను మంటపం మెట్లు ఎక్కుతుండగానే మా వదినగారు మైకు అవసరం లేని గొంతుతో అరిచేది: "మా మరిది వస్తుండు, కొంగులు సర్దుకోండే!" వరస మొత్తం సర్దుకునేది. ఎనభై దాటిన ముసలమ్మలు కూడా. మా ఆవిడ నన్ను భోజనాల వైపు తోసేసేది. "నువ్వు లడ్డూలు చూడు పో," అనేది. "వాటికి నడుముండదు."

ఛానల్ అమ్ముడుపోయి, నాకు యాభై నాలుగో ఏటనే శాలువా కప్పి పంపించేశారు. ఇప్పుడు ఇదే పనిని పెద్ద కంపెనీలు అద్దాల మేడల్లో వందల మంది పిల్లల చేత చేయిస్తున్నాయి. మా మేనకోడలు అందులోనే చేరింది. "మామయ్యా, ఏది ఉంచాలో ఏది కప్పాలో నీకెట్ల తెలిసేది?" అని అడిగింది. తెలిసేది కాదమ్మా అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ అంత నిజాన్ని అంత తక్కువ మాటల్లో చెప్పే అలవాటు మా వంశంలో లేదు.

జానెడు సంస్కృతి

మా యజమాని భూపాల్ సార్. మంచి మనిషి. మంగళవారం కోడిగుడ్డు బొమ్మ ఉన్న క్యాలెండర్ని కూడా తిప్పి పెట్టేవాడు. ఆయన దగ్గర రూల్సు రాసిన కాయితం ఏదీ లేదు. రూలు ఆయన కుడిచెయ్యే. పాట రాగానే మానిటర్ మీద జాన పెట్టేవాడు. రవిక అంచు నుంచి చీర కుచ్చిళ్ల దాకా ఆయన జాన లోపల ఉంటే పాస్, దాటితే బ్లర్. "మన సంస్కృతి జానెడు, సుదర్శన్," అనేవాడు నాతో. "అంతకుమించి ఇయ్యొద్దు."

కొన్నాళ్లకు ఆ అధికారం నాకు అప్పగించాడు. నా చెయ్యి ఆయన చెయ్యి కన్నా చిన్నది. అందువల్ల సార్ ఊళ్లో లేని రోజుల్లో రాష్ట్రంలో నైతిక విలువలు రెండు వేళ్ల మేర పెరిగేవి.

ఒక దసరాకు సార్ గోడంత టీవీ కొని నా గదిలో బిగించాడు. ఇక చూడండి. నిన్నటిదాకా జానలో ఒదిగిన హీరోయిన్లు రాత్రికి రాత్రి జానన్నర అయ్యారు. నేను భయపడిపోయి వచ్చిన పాటకల్లా బ్లర్ వేయించాను. తలా కాళ్లూ కనిపించేవి, మధ్యలో మేఘం. జనం ఫోన్ చేసి "సిగ్నల్ ప్రాబ్లమా అన్నా, పొగమంచా?" అని అడిగారు. సార్ కూడా వచ్చి చూసి "కలికాలం, కొలతలన్నీ పెరిగినయ్" అని నిట్టూర్చాడు.

అప్పుడే కొత్తగా చేరిన ఎడిటర్ నస్రీన్ వెనక నుంచి మెల్లగా అంది. "సార్, అమ్మాయిలు పెరగలే. టీవీ పెరిగింది."

నస్రీన్‌ది భువనగిరి. వాళ్ల నాయన టైలర్. కొలత టేపు మెళ్లో వేసుకున్న ఇంట్లో పుట్టిన పిల్ల కాబట్టి మా జానను చూసి ఆమె నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడేదని తర్వాత చెప్పింది.

హీరో ఏడి?

జానకు ఒక మినహాయింపు ఉండేది. ఫ్రేములో హీరో ఉంటే ఎంతైనా పాస్. వానలో హీరోయిన్ తడిసి, ఆమె నడుం మీద హీరో పిండి పిసికినట్టు పిసుకుతున్నా సార్ చెయ్యి కదిలేది కాదు. "హీరో ఉన్నడు గదా, ఆయన చూసుకుంటడు," అనేవాడు. అదే హీరోయిన్ ఒంటరిగా అద్దం ముందు జుట్టు విరబోసుకుంటే మాత్రం పరేషాన్ అయ్యేవాడు.

ఈ చట్టం ఇరవై ఏళ్లు నడిచింది. నాకు ఎప్పుడూ వింతగా అనిపించలేదు. అనిపించడానికి బుర్ర ఉండాలి. నా దగ్గర ఉన్నవి కళ్లు మాత్రమే.

ఒకరోజు నస్రీన్ వచ్చి చెప్పింది. "సార్, ఏ.ఎస్. రావు నగర్ కాలేజీ పిల్లలు ఫోన్ చేసి కొరియా పాటలు అడుగుతుండ్రు. ఫోన్ల చూస్తున్నరు గానీ, టీవీల వస్తే ఇంట్లోళ్లందరికీ చూపించొచ్చంట. సాయంత్రం అరగంట పెడదాం."

"భాష రాదు గదమ్మా?" అన్నాడు భూపాల్ సార్.

"మన పాటల్ల మాత్రం మాటలు వింటున్నమా సార్?"

ముగ్గురం కూర్చుని మొదటి వీడియో చూశాం. పాతబడిన ఫ్యాక్టరీ. అయిదుగురు అమ్మాయిలు. నల్లకోట్లు, గొంతుదాకా గుండీలు. జాన పెట్టడానికి సార్ చెయ్యెత్తాడు, పెట్టడానికి చోటు కనిపించక గాల్లోనే ఉంచాడు. ఒకమ్మాయి కుర్చీని తిప్పి, అటో కాలు ఇటో కాలు వేసి, ఆ ఫ్యాక్టరీని ఇప్పుడే కబ్జా చేసినట్టు కూర్చుంది.

"హీరో ఏడి?" అన్నాడు సార్.

"లేడు సార్," అంది నస్రీన్.

"వస్తడా?"

"రాడు సార్."

"ఆఖర్ల?"

"ఆఖర్ల సుత రాడు."

"మరి ఎవరి కోసం చేస్తుండ్రు ఈ డాన్సు?"

"చెయ్యబుద్ధయి చేస్తుండ్రు సార్."

సార్ మంచినీళ్లు తాగాడు. మా ఏసీ ఎప్పుడూ చేయని పనిగా ఆ క్షణంలో నిజంగానే చల్లగా వీచింది. "సుదర్శన్," అన్నాడు చివరికి, "దీంట్ల ఏదో ఉన్నది. బ్లర్ వెయ్."

"ఎక్కడ సార్?"

"నాకేమెరుక? వెతుకు. జీతం తీసుకునేది నువ్వు."

మధ్యాహ్నం అంతా వెతికాను. ఆపి చూశాను, వెనక్కి తిప్పి చూశాను. మెడా లేదు, నడుమూ లేదు, మోకాలూ లేదు. చివరికి తెలిసింది, సార్‌ను పట్టి ఊపింది ఆ పిల్లల చూపు. మన హీరోయిన్లు నేలకేసి చూస్తారు, వాలుగా చూస్తారు, హీరో చొక్కా గుండీకేసి చూస్తారు. ఈ పిల్లలు సూటిగా చూశారు. కొత్తిమీర తెమ్మంటే పుదీనా తెచ్చిన రోజు మా ఆవిడ చూసినట్టు. ఇరవై ఏళ్లుగా నేను వాళ్లను చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు వాళ్లు నన్ను చూశారు. నాకే తెలియకుండా నా చెయ్యి పోయి నా చొక్కా పైగుండీ పెట్టుకుంది.

పాస్ అని రాసి, బయటికెళ్లి రెండు చాయ్‌లు తాగాను.

నస్రీన్‌తో తగాదా

కొరియా పిల్లలందరూ ఆడసింహాలే అని నేనేమీ అనడం లేదు. తర్వాత వచ్చిన వీడియోలలో నల్లకోట్లు పోయి, చిట్టి నిక్కర్లు వచ్చాయి. ఒకదాంట్లో కెమెరా గోడెక్కే బల్లిలా కాళ్ల వెంట పాకింది. కింద ఇంగ్లీషు అక్షరాల్లో 'నా ఒళ్లు నా ఇష్టం' అనే అర్థం వచ్చే మాటలు.

"ఇదేం స్త్రీశక్తి నస్రీన్?" అన్నాను. "మన ఐటం పాటకు విమానం టికెట్ కొని పంపినట్టుంది."

"నిక్కరు చూడకండి సార్. కెమెరాను చూడండి. ఆమె రమ్మంటే కెమెరా వస్తుందా, కెమెరా వచ్చిందని ఆమె తిరుగుతుందా?"

నిక్కరు చూడొద్దనడం నా ఉద్యోగం మానెయ్యమనడమే. అయినా ప్రయత్నించాను. ఒక వీడియోలో నిజంగానే ఆమె కనుసైగ చేస్తే కెమెరా నౌకరులా వెంట నడిచింది. ఇంకోదాంట్లో ఒంటినిండా బట్టలే, బడిపిల్లల గౌన్లు, మోచేతుల దాకా చేతులు. కానీ ఎదిగిన అమ్మాయిల చేత పసిపిల్లల్లా బుంగమూతి పెట్టిస్తూ, వేలు కొరికిస్తూ ఉంటే నేను వీడియో మధ్యలోనే ఆపేశాను. జాన లెక్కన అది పుణ్యక్షేత్రం. నస్రీన్ కూడా మొహం చిట్లించింది. "ఇది నాకు సుత నచ్చలే సార్."

దాన్ని తీసేద్దామంటే భూపాల్ సార్ ఒప్పుకోలేదు. "ఎంత పద్ధతిగ ఉన్నరు పిల్లలు!" అని మురిసిపోయి రోజుకు రెండుసార్లు వేయించాడు.

నా దగ్గర ఇంకో బాణం ఉండేది. "ఆ పిల్లలు ఏం తినాలో కూడా కంపెనీలే చెప్తాయంట గదా. ఇంక వాళ్లకెక్కడిది ఇష్టం?"

"అవును సార్," అంది నస్రీన్. "అక్కడ సుత ఒక భూపాల్ సార్ ఉంటడు. ఇంకా పెద్ద జానతోని."

"మరి?"

"కంపెనీ పైసల కోసమే చేయనియ్యండి. ఇక్కడ బస్సుల నిలబడ్డ పిల్ల అది చూసి జెర సీదా నిలబడితే, ఆ లాభం కంపెనీకి పోదు గదా సార్."

ఓడిపోయినప్పుడు పెద్దవాళ్లు చేసే పని చేశాను. "సరే సరే, పని చూస్కో," అన్నాను.

స్కిన్ కలర్

కొరియా అరగంటకు ఆదరణ పెరిగి, సార్ పోటీ పెట్టాడు. అమ్మాయిలు ఆ పాటలకు తామే డాన్స్ చేసి వీడియో పంపాలి. నచ్చినవాటిని ఆదివారం వేస్తాం. వాటిలోంచి ఎంపికైనవాళ్లు ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక షాపింగ్ మాల్ స్టేజీ మీద ఫైనల్ ఆడతారు.

మౌలాలి రైల్వే క్వార్టర్ల నుంచి నలుగురు పిల్లల వీడియో వచ్చింది. ముందు నిలబడ్డ అమ్మాయి పేరు మౌనిక, డిగ్రీ చదువుతోంది. మేడ మీద నీళ్ల ట్యాంకుల మధ్య తీశారు. నాన్నల తెల్లచొక్కాలు వేసుకుని, నడుం దగ్గర ముడి కట్టుకున్నారు. వెనక ఎవరివో వడియాలు ఎండుతున్నాయి. కానీ ఆ పిల్ల అడుగేస్తే వడియాలు కూడా తలెత్తి చూశాయని నా నమ్మకం. అదే చూపు. కొరియా నుంచి మౌలాలికి కస్టమ్స్ సుంకం లేకుండా దిగింది.

ఆ వారం నస్రీన్ చెల్లెలి నిఖా అని సెలవులో ఉంది. ఆదివారం షోకు ముందు ఊరించడానికి వేసే ప్రోమో నేనే చేయాలి. చూస్తే చొక్కా ముడి కింద నడుం కనిపిస్తోంది, పై గుండీలు విప్పిన చోట మెడ కింద కనిపిస్తోంది. జాన పెట్టాను, దాటింది. హీరో కోసం వెతికాను, లేడు. ట్యాంకు మీద కాకి ఉంది గానీ మగదో ఆడదో తెలియలేదు. బ్లర్ నొక్కాను. మిషన్ మీద నా చెయ్యి అంత బాగా తిరగదు. నడుం మీద పెట్టిన మసక పాకి, చొక్కా లోపల ఉన్నదంతా మింగింది. ఇప్పుడు చూస్తే ఆ పిల్ల ఒంటి మీద నాలుగు మూలలా తెల్లచొక్కా ముక్కలు, మధ్యలో ఒక పెద్ద రహస్యం.

ప్రోమో రెండు రోజులు టీవీలో తిరిగింది. మూడో రోజు నస్రీన్ సెలవు నుంచి వచ్చిన పొద్దున్నే, మౌనికను చెయ్యి పట్టుకుని వాళ్లమ్మ మా మెట్లెక్కింది.

పేరు పుష్పమ్మ. మూడంతస్తులు ఎక్కినా ఆయాసం లేదు, కోపానికి ఆయాసం ఉండదు. సంచీలోంచి ఒక బట్ట తీసి నా బల్ల మీద కొట్టింది.

"పట్టి చూడు సార్. ఇది బట్టనా, తోలా?"

పట్టి చూశాను. పల్చటి టీషర్టు. గొంతుదాకా, మణికట్టుదాకా ఉంది. సరిగ్గా ఒంటిరంగు. దుకాణాల్లో స్కిన్ కలర్ ఇన్నర్ అంటారు, చొక్కా కింద వేసుకుంటారు.

"నా బిడ్డ ఒళ్లు ఇంతగూడ కనవడొద్దని మోండా మార్కెట్ల నాలుగు దుకాణాలు తిరిగి కొన్న. మ్యాచింగు దొరికేదాక తిరిగిన. అది లోపట ఏసుకున్నంక దాని ఒంటి మీద సూది మొనంత జాగ లేదు. దాని మీద నువ్వు పొగ పెట్టినవ్!"

"అమ్మా, అది... ఒంటిరంగులో ఉండేసరికి..."

"ఒంటిరంగు కాకపోతే పచ్చరంగు కొంటరా ఎవరన్న?"

నస్రీన్ ఆ ఇన్నర్ని అటూ ఇటూ తిప్పి, అంచు కుట్టు చూసి, నా వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

అసలు సంగతి అప్పుడు చెప్పింది పుష్పమ్మ. ఆమె భర్త నర్సింగరావు లోకోషెడ్డులో ఫిట్టరు. క్యాంటీన్ టీవీలో మా ఛానలే నడుస్తుంది. ప్రోమో చూసి సత్తయ్య అనే సోపతిగాడు అందరి ముందట అన్నాడట, "ఏం కనవడ్డదిరా మీ బిడ్డది, ఆళ్లు అంతగనం కప్పిండ్రు?" నర్సింగరావు ఆ రోజు అన్నం తినకుండా ఇంటికొచ్చాడు. ఆదివారం షోలో కూడా ఇట్లాగే వస్తే డాన్సు బంద్ అన్నాడట. ఫైనల్ లేదు, ప్రాక్టీసు లేదు, కాలేజీ నుంచి ఇల్లు, ఇంటి నుంచి కాలేజీ.

అప్పుడు మౌనిక నన్ను సూటిగా చూసింది.

"నేనేం చూపియ్యలే సార్. దాచుకోలే సుత. దాచింది మీరు. మీరు దాచినంకనే అందరికీ ఏదో కనవడ్డది."

ఈ పనిలో చేరే పిల్లలకు నేను చెప్పగలిగింది ఏదైనా ఉంటే ఇది. ఆ మాట నాది కాదు, ఆ పిల్లది. కప్పడమంటే వేలు పెట్టి చూపించడమే. నిండుగా బట్టలు కట్టుకున్న మనిషిని అందరి కళ్ల ముందు విప్పాలంటే ఆమె మీద కాస్త మసక వేస్తే చాలు. ఇరవై ఏళ్లు నేను సంస్కృతిని కాపాడుతున్నాననుకున్నాను. ఊరి జనానికి ఎక్కడ చూడాలో బాణం గుర్తులు వేసి పెట్టాను.

లైవ్

అప్పుడే భూపాల్ సార్ వెలిగిపోతూ గదిలోకి వచ్చాడు. "సుదర్శన్! ఆ మౌలాలి పిల్లల ప్రోమోకు ఫోన్లే ఫోన్లు! ఏముందో చూద్దమని అందరు అడుగుతుండ్రు. బ్లర్ అట్లనే ఉంచు, ముట్టకు."

తర్వాత ఆయన పుష్పమ్మను చూశాడు. పుష్పమ్మ ఆయన్ని చూసింది. మౌనిక చూపు ఎవరి పోలికో నాకు అప్పుడు తెలిసింది.

విషయం విని సార్ గడ్డం గోక్కున్నాడు. "తీసేస్తే తక్లీఫ్ అమ్మా. ఇప్పుడు తీస్తే, చూపియ్యనీకి తీసిండ్రంటరు. ఉంచితే మర్యాదగుంటది."

నేను నా తెలివినంతా పిండి ఒక ఉపాయం చెప్పాను. "సార్, వాళ్ల డాడీని కూడా వీడియోలో నిలబెడదాం. మొదట్లో ఆయన వచ్చి ఆశీర్వదిస్తాడు, చివర్లో చప్పట్లు కొడతాడు. మగమనిషి ఉంటే మీ రూలు ప్రకారం..."

"శభాష్!" అన్నాడు సార్.

"మా డాడీ ఎందుకు సార్?" అంది మౌనిక. "స్టెప్పులు నేను నేర్చుకున్న. మా నలుగురం చేసినం. డాడీకి గంతగనం సోకుంటే వేరే వీడియో పంపుతడు."

నస్రీన్ దగ్గు తెచ్చుకుని అటు తిరిగింది. నా ఉపాయం అక్కడే కన్ను మూసింది. దానికి పెద్దగా ఏడ్చినవాళ్లు లేరు.

మౌనిక మా మిషన్ వైపు చూపించి అడిగింది. "సార్, లైవ్‌ల బ్లర్ పడ్తదా?"

"పడదమ్మా. దానికి అంత తెలివి లేదు. ముందే తీసినదాని మీదనే వేస్తుంది."

"అయితే ఆదివారం ఇక్కడికే వచ్చి చేస్తం. గదే చొక్కా, గదే ఇన్నర్."

నేను భూపాల్ సార్ మొహం చూశాను. ఆయన కళ్లలో ఫోన్లు మోగుతున్నాయి. బ్లర్ లేకుండా, లైవ్‌లో! ఊరు ఊరంతా చూస్తుంది! "కానియ్యండి," అన్నాడు వెంటనే. తర్వాత నా వైపు తిరిగి, "ఏమన్న లొల్లయితే సంతకం నీది," అన్నాడు. అప్రూవల్ కాయితం మీద సంతకం పెడుతుంటే నేను పెన్ను నొక్కిన నొక్కుడుకు కింద స్టీలు దుకాణంలో చెంబులు గలగలలాడాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకునేది నేనే అనుకోండి.

మా స్టూడియో అంటే బాత్రూం కన్నా కాస్త పెద్దది, బాత్రూంకున్నంత గాలి లేనిది. ఆదివారం సాయంత్రం నలుగురు పిల్లలు అందులో నిలబడితే కెమెరాను తలుపు బయట పెట్టాల్సి వచ్చింది. మాకు యాంకరంటూ వేరే లేదు, నస్రీనే. పుష్పమ్మ కెమెరా పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. నా బల్ల ముందు మిషన్ ఉంది, బ్లర్ బటన్ ఉంది. అది పనిచేయదని తెలిసినా నా వేలు దాని మీదికే పోతోంది. నా వేలు మీద నేనే కూర్చున్నాను.

నస్రీన్ అడిగింది. "మౌనికా, ప్రోమో చూసి చాలామంది ఫోన్ చేసిండ్రు. వాళ్లకు ఏమన్నా చెప్తవా?"

మౌనిక ముందుకు ఒక అడుగు వేసింది. మెడ దగ్గర ఇన్నర్ని రెండు వేళ్లతో పట్టి లాగింది. రబ్బరులా సాగింది, వదిలితే టప్పున పోయి అంటుకుంది.

"ప్రోమోల మీకు కనవడకుండ చేసింది ఇదే. మా మమ్మీ మోండా మార్కెట్ల కొన్నది. ఎవరికన్న కావాల్నంటే దుకాణం పేరు చెప్తం. ఇగ డాన్స్ చూడండి."

పాట మొదలైంది. ఆ ఇరుకులో నలుగురూ ఒకరికొకరు తగలకుండా ఎట్లా చేశారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మా గోడ సున్నం రాలింది. చివర్లో నలుగురూ ఆగి, రొప్పుతూ, కెమెరాలోకి చూస్తూ నిలబడ్డారు. ఎవరూ తల దించలేదు, కొంగు కోసం వెతుక్కోలేదు. కెమెరామన్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

లైవ్‌లో ఫోన్ కలిపాం. మొదటి గొంతు ఎవరో మగమనిషిది, బాగా నొచ్చుకున్న గొంతు. "గింతేనా? ప్రోమోల ఏదో ఉండె గదా?"

నస్రీన్ నోరు తెరిచేలోపు మౌనిక అందుకుంది. "ఏం లేకుండె అన్నా. ఏం లేదనే కప్పిండ్రు."

భూపాల్ సార్ నా భుజం పట్టుకుని నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత ఫోన్లన్నీ ఆడపిల్లలవే. స్టెప్పు ఎక్కడ నేర్చుకున్నారు, మేడ మీద జారదా, మేమూ రావచ్చా. ఒక పెద్దావిడ మాత్రం ఇన్నర్ దొరికే దుకాణం పేరు అడిగింది.

అంతా అయ్యాక మిగతా ముగ్గురూ ఆటో ఎక్కారు. మౌనిక, పుష్పమ్మ కిందికి దిగుతుంటే వెనకే నేనూ దిగాను. గల్లీలో స్కూటర్ మీద నర్సింగరావు కూర్చుని ఉన్నాడు. స్టీలు దుకాణంలో టీవీ ఉంది, అందులో మా ఛానల్ ఉంది. ఎంతసేపట్నుంచి ఉన్నాడో నేను అడగలేదు. అడిగే ధైర్యం ఉంటే ఇరవై ఏళ్లు నడుములు చూస్తూ కూర్చునేవాణ్ణా?

నర్సింగరావు హ్యాండిల్ మీద లేని మట్టి తుడిచాడు.

"మేడ మీద ట్యాంకు కారుతది," అన్నాడు చివరికి, కూతురి వైపు చూడకుండా. "జారి పడ్తే కాళ్లు ఇరుగుతయ్. ఫైనల్ దాక కింద మా రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్ల చేసుకోండి."

మౌనిక చప్పున నవ్వలేదు. ఇంకా బేరం ఉందని ఆమెకు తెలుసు. "హాల్ల సాయంత్రం మీ షెడ్డోళ్లు క్యారమ్స్ ఆడ్తరు గదా డాడీ."

"లేపుతా."

"సత్తయ్య అంకుల్ సుత ఉంటడు."

నర్సింగరావు దవడ బిగిసింది. "ఆణ్ణి ముందుగాల లేపుతా. నాకిడిసిపెట్టు."

"నువ్వు వద్దు," అంది మౌనిక. "మేం నలుగురం వోయి చెప్తం."

నర్సింగరావు మొదటిసారి కూతురి మొహంలోకి చూశాడు. మా ఛానల్ ఎన్నడూ చూపించలేని ఒక నవ్వు నవ్వి, సీటు మీద ముందుకు జరిగాడు. తల్లీకూతుళ్లు వెనక ఎక్కారు. స్కూటర్ కిక్కు కొడుతూ తనలో తను అనుకున్నట్టు, నాకు వినపడేలా అన్నాడు:

"పాపం సత్తిగాడు."